పెళ్ళిళ్ళ సిస్టర్

సికింద్రాబాద్‌లో నాకంటే వేగంగా అంబులెన్సు నడిపినవాడు పుట్టలేదు. పుట్టినా వాడికి లైసెన్సు ఇచ్చి ఉండరు. నా సైరన్ వినపడితే ప్యారడైజ్ చౌరస్తాలో బస్సులే కాదు, గోడలకు అంటించిన సినిమా పోస్టర్లు కూడా పక్కకు జరిగేవి. చదువంటారా, ఇంటర్ మొదటి ఏడాదిలోనే దానికి దణ్ణం పెట్టాను. నేను వెళ్ళిపోయాక ఆ కాలేజీ మళ్ళీ కోలుకోలేదని అందరూ అంటారు. అందరూ అంటే మా ఇంట్లో నేనొక్కణ్ణే.

అయితే ఇది నా కథ కాదు. డోరా సిస్టర్ కథ.

రాంగోపాల్‌పేట్‌లో మా ఆస్పత్రి ఉండేది. దాని పేరు రాయను, పాత కమిటీవాళ్ళు కొందరు ఇంకా బతికే ఉన్నారు. ఎత్తైన పైకప్పులు, పొడుగాటి కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు, తెల్లరంగు పోయి ఇనుము బయటపడ్డ మంచాలు. పిల్లల వార్డు మెట్లెక్కగానే ఎడమవైపు. దానికి డోరా సిస్టరే ఇన్‌ఛార్జి. పొట్టి మనిషి. మంచాల వరుసల మధ్య నడుస్తుంటే తల మీది తెల్లటోపీ ఒక్కటే తనంతట తాను పోతున్నట్టుండేది. నర్సాపురం వైపునుంచి చిన్న వయసులోనే ట్రైనింగుకు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. బోయిగూడలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక పోర్షన్‌లో ఉండేది. పొద్దున్న ఆమె గొడుగు తెరిచిన చప్పుడుకే మా గల్లీలో పిల్లలు లేచి కూర్చునేవారు. సూది వేస్తుందని భయం.

ఆ రోజుల్లో మా ఆస్పత్రికి నర్సు వచ్చిందంటే, సికింద్రాబాద్ స్టేషన్‌లో బండి నీళ్ళు పట్టుకోవడానికి ఆగినట్టే. ఆగినంత సేపు ఆగి, కూత వేసి వెళ్ళిపోయేది. గల్ఫ్ దేశాలు పిలిచేవి, ఊళ్ళో కొత్తగా లేచిన అద్దాల ఆస్పత్రులు పిలిచేవి. మా దగ్గర మిగిలేది ముసలి ఆయాలు, డోరా సిస్టర్, నేను. నేను సూది వేస్తానంటే సిస్టర్ ఒప్పుకోలేదు గాని, ఒప్పుకుని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

అప్పుడు కమిటీవాళ్ళు నర్సాపురం దగ్గరున్న ఒక మిషన్ నర్సింగ్ స్కూలుతో ఒప్పందం చేసుకున్నారు. పాఠాలు వాళ్ళు చెబుతారు, చివరి ఏడాది పని మేం నేర్పుతాం. పాసైన పిల్లలు మా దగ్గరే కొన్నేళ్ళు ఉండాలి. వాళ్ళకు పని నేర్చుకోవడానికి రోగులున్న మంచాలు కావాలి, మాకు మనుషులు కావాలి. ఒక్కటే షరతు పెట్టారు వాళ్ళు. మొదటి రెండు బ్యాచులకు డోరా సిస్టర్ ఒక్కతే అయినా సరే, ఆ తర్వాత పిల్లల వార్డులో నేర్పడానికి అనుభవమున్న నర్సులు ఇద్దరుండాలి. ఇద్దరు లేకపోతే ట్రైనింగ్ పిల్లల్ని పంపరు. ట్రైనింగ్ పిల్లలు రాకపోతే మా వార్డు నడవదు. ఈ లెక్క నాలాంటివాడికి కూడా అర్థమైంది.

కోస్తా పిల్లలు బ్యాచులుగా దిగడం మొదలైంది. నూనె రాసి బిగించిన జడలు, ట్రంకు పెట్టెలు, చంకలో బైబిలు. వచ్చిన మొదటి రోజు ఒక్కో పిల్లను ఒక్కో ముసలి ఆయాకు అప్పగించేది సిస్టర్. ఆ మధ్యాహ్నం కొత్తపిల్ల తన డబ్బా తెరవకూడదు, ఆయా డబ్బాలోనే తినాలి. పుస్తకంలో లేని పాఠం ఆయాల దగ్గర ఉంటుందని, తిండి దగ్గర సిగ్గు పడ్డవాళ్ళు రేపు పని దగ్గర అడగడానికీ సిగ్గు పడతారని ఆమె వాదం. అన్నం, చేపల పులుసు తిని పెరిగిన పిల్లలు మా ఎల్లమ్మ తెచ్చిన జొన్నరొట్టె, వెల్లుల్లి కారం నోట్లో పెట్టుకుని బొటబొటా కన్నీళ్ళు కార్చేవారు. ఎల్లమ్మ వాళ్ళ వీపు నిమిరి, "ఏందమ్మా, గింతకే ఏడుస్తున్నవ్? జెర నీళ్ళు తాగు. వార్డుల ఏడ్చేటిది ముందుంది," అనేది.

సలోమి వచ్చింది రెండో బ్యాచిలో. బక్కపిల్ల. ఎల్లమ్మ కారం తిని ఏడవకుండా ఇంకొంచెం పెట్టమని అడిగింది. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల మామూలుది కాదని. చంటిపిల్లలు ఆమె చెప్పుల చప్పుడు వింటే ఏడుపు ఆపేవారు. ఒకసారి వార్డులో పిల్లలందరూ ఒక్కసారిగా నోరు మూసేసరికి, రాంగోపాల్‌పేట్ పోలీసులు ఏమైందో చూద్దామని వచ్చారు. నమ్మకపోతే మానెయ్యండి. నమ్మాల్సింది ఇంకొకటుంది. కొత్తపిల్లలకు పని నేర్పేటప్పుడు వాళ్ళ చేతిని తన చేతి మీద పెట్టుకునేది. పసివాణ్ణి ఎంత గట్టిగా పట్టుకోవాలో, ఎక్కడ వదలాలో అలాగే తెలుస్తుందనేది. అది డోరా సిస్టర్ పద్ధతి. సిస్టర్ తర్వాత ఆ పద్ధతి పూర్తిగా పట్టుబడింది సలోమి ఒక్కదానికే.

మొదటి బ్యాచి పాసైన ఏడాది తిరక్కుండానే ఒక్కొక్కరే గల్ఫ్‌కు పోవడానికి బొంబాయి బండి ఎక్కారు. కమిటీ మీటింగులో ఒక పెద్దమనిషి, పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేద్దామన్నాడు. డోరా సిస్టర్ ఆ బీరువాకు అడ్డం నిలబడిందని చెప్పుకుంటారు. నిజానికి కుర్చీలోంచి లేవలేదు. లేవకుండానే అంది: "కట్టేసిన ఆవు పాలిస్తుందేమో గానీ, కట్టేసిన నర్సు ఎవరి ప్రాణమూ నిలబెట్టదండీ. ఉండేలా చూసుకుందాం. కట్టెయ్యొద్దు." సూపరింటెండెంటు డాక్టర్ ఆర్థర్ ఆమె మాట కాదనేవాడు కాదు. సర్టిఫికెట్లు ఎవరివి వాళ్ళకే ఇచ్చేశారు. ఆ మాట ఆస్పత్రి అంతా పాకింది. ఆయాలు సైతం అప్పజెప్పేవాళ్ళు.

మరి ఉండేలా చూసుకోవడం ఎలా? జీతం పెంచే స్తోమత మా ఆస్పత్రికి లేదు. క్వార్టర్లు లేవు. డోరా సిస్టర్ తన బుర్రతో తానే ఒక దారి కనిపెట్టింది. ఈ పిల్లలకు సికింద్రాబాద్‌లో ఎవరూ లేరు, అందుకే నిలవడం లేదు. ఇక్కడే మంచి సంబంధాలు చూసి పెళ్ళి చేస్తే కాపురాలు ఇక్కడే ఉంటాయి, కాపురాలుంటే నర్సులుంటారు. పెళ్ళి చేసుకోని మనిషికి పెళ్ళి మీద అంత నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో ఆమె పని మొదలయ్యేది. ఎవరి అబ్బాయి ఏం చేస్తున్నాడు, ఏ డినామినేషను చర్చికి పోతాడు, తాగుతాడా, పాడతాడా, అన్నీ అక్కడే తేలిపోయేవి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుకు ఒక పిల్లను, బోయిన్‌పల్లిలో బడి పంతులికి ఇంకో పిల్లను కుదిర్చింది. బోయిన్‌పల్లివాళ్ళ పెళ్ళిచూపులకు వాన పడి ఆటోలు దొరక్కపోతే నా అంబులెన్సులోనే తీసుకొచ్చాను. చోటు చాలక పెళ్ళికొడుకు తల్లిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టాం. ఆస్పత్రి గేటు దగ్గర దిగగానే ఇద్దరు ట్రైనింగ్ పిల్లలు ఆక్సిజన్‌తో పరుగెత్తుకొచ్చి ఆమె ముక్కుకు మాస్కు పెట్టేశారు. ఆ తల్లి మాస్కులోంచే పిల్ల నచ్చిందని చెప్పింది.

నేను సిస్టర్‌ను ఆటపట్టించేవాణ్ణి. "సిస్టరమ్మా, ఇగ నర్సింగ్ బంద్ చేసి పెళ్ళిళ్ళ దుకాణం షురూ చెయ్యుండ్రి. బండి నేను నడుపుత," అన్నానొకసారి.

"నువ్వు నడిపితే పెళ్ళికొడుకు పెళ్ళికి ముందే నా వార్డులో పడతాడు మధూ," అంది సిస్టర్.

పెళ్ళిళ్ళ సిస్టర్ అని పేరు పడిపోయింది. ఆమెకు ఆ పేరు ఇష్టమే. పెళ్ళైన పిల్లలు నిజంగానే ఉన్నారు. వార్డు నిండింది. నర్సాపురం స్కూలువాళ్ళు వచ్చి చూసి, ఇలా పిల్లల్ని నిలబెట్టుకున్న ఆస్పత్రి తమకింకొకటి లేదని మెచ్చుకుని వెళ్ళారు.

ఒక్క సంగతి మాత్రం మాకెవరికీ తట్టలేదు. చర్చి వాకిట్లో పెళ్ళికొడుకుల తల్లులు పిల్ల రంగు ఏమిటని అడిగేవారు, పాట వచ్చా అని అడిగేవారు, చివర్లో పాస్‌పోర్టు ఉందా అనీ అడిగేవారు. మేం నవ్వుకునేవాళ్ళం. బోయిగూడ నుంచి బోయిన్‌పల్లి పోవడానికి పాస్‌పోర్టు దేనికని నేను నానా వెక్కిరింపులూ చేశాను. సిస్టర్ అయితే, పిల్ల వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునే జాగ్రత్త అనుకుంది. నిజానికి వాళ్ళు కోడల్ని అడగడం లేదు, కోడలు వెళ్ళబోయే దేశాన్ని అడుగుతున్నారు.

సిస్టర్‌కు ఒక అక్క ఉంది, కాంతమణిగారు. ఆమె కొడుకు రిచర్డ్ రాణిగంజ్‌లో మోటారు సామాన్ల కొట్లో పనిచేసేవాడు. నవ్వు మొహం, మాటకారి. సలోమిని అతనికి అడిగారు. నీ చేతుల్లో పెరిగిన పిల్ల అంటే మా పిల్లే కదా అంది కాంతమణిగారు. డోరా సిస్టర్ ఆ రోజు ఎంత సంబరపడిందో నేను చూశాను. మా గల్లీ మొత్తానికి రవ్వలడ్లు పంచింది. సలోమి ఇక తన వార్డుకే కాదు, తన ఇంటికీ మనిషైంది. పెళ్ళయ్యాక ఆ పిల్ల వార్డులో సిస్టర్ అనీ, గుమ్మం దాటితే అత్తయ్యా అనీ పిలిచేది. ఇద్దరూ ఒక గొడుగు కింద బోయిగూడ దాకా నడిచి వచ్చేవారు. గొడుగు పొట్టిమనిషి పట్టుకునేది కాబట్టి సలోమి సగం వంగి నడిచేది.

ఏడాది దాటాక వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. కెజియా అని పేరు పెట్టారు. ఆ పిల్లను పగలు ఎల్లమ్మ వార్డు పక్కనున్న పాలగదిలో ఊయల వేసి చూసుకునేది. సలోమి మధ్యమధ్య వచ్చి పాలిచ్చి పోయేది.

ఆ వేసవిలో లాలాగూడ పిల్ల సౌదీ వెళ్ళింది. ఫిట్టరు మొగుడే దగ్గరుండి పంపాడు. తర్వాత బోయిన్‌పల్లి పిల్ల. సిస్టర్ సంబంధం చూసిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటే తలుపులు తెరిచి కోడళ్ళను విమానం ఎక్కించాయి. పిల్లల వార్డులో నేర్పగలిగిన నర్సులు ఇద్దరే మిగిలారు. ఒకరు డోరా సిస్టర్, ఒకరు సలోమి. ఆ ఇద్దరున్నంత వరకూ స్కూలు పిల్లల్ని పంపుతుంది. అంటే వార్డు ఉంటుంది.

అప్పుడు రిచర్డ్ కువైట్ మాట తెచ్చాడు.

ఏజెంటు కుదిరాడు, ఆస్పత్రి కుదిరింది. ఒప్పందం గడువు ఇంకా తీరలేదు. ముందు వెళ్ళినవాళ్ళను ఎవరూ అడగలేదు గాని, ఈ కువైట్ ఆస్పత్రి మాత్రం మేం వదిలినట్టు కాగితం ఉంటేనే సలోమిని తీసుకుంటానంది. వదలాలా వద్దా అన్నది వార్డు ఇన్‌ఛార్జి చెప్పాలని డాక్టర్ ఆర్థర్ అన్నాడు. అంటే ఆ మాట డోరా సిస్టర్ నోట్లోంచి రావాలి. ఆమె కాదంటే అంతటితో అయిపోయినట్టే.

మర్నాడు అందరూ ఆఫీసులో కూర్చుని ఈ సంగతి తేలుస్తారనగా, నేను వార్డుకు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పాలగది గుమ్మం దగ్గర దించుతున్నాను. లోపల సలోమి పిల్లను ఒళ్ళో వేసుకుని ఉంది. సిస్టర్ సీసాలు కడుగుతోంది. నన్ను చూసి కూడా సలోమి ఆగలేదు.

"సిస్టర్, రేపు మీరు కుదరదని చెప్పండి."

సిస్టర్ చెయ్యి ఆగింది. వెళ్ళడం ఇష్టం లేదా అని అడిగింది.

"దీనికింకా పళ్ళు కూడా రాలేదు," అంది సలోమి. "నేను వద్దంటే ఆ ఇంట్లో రోజూ బతకాల్సింది నేను. మీరు వద్దంటే ఆస్పత్రి రూలని ఊరుకుంటారు. మీరైతే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

"అంటారమ్మా. నా వార్డు కోసం ఆపానంటారు."

"అననివ్వండి."

సిస్టర్ నీళ్ళకుళాయి కట్టేసింది. తర్వాత మెల్లగా చెప్పింది, నువ్వు నోరు విప్పి వెళ్ళనని ఒక్కసారి అను, నీ వెనక నేను నిలబడతాను, మా అక్కతోనైనా పోట్లాడతాను అని. సలోమి తల అడ్డంగా ఊపింది. పిల్లకు కొంగు కప్పి అటు తిరిగి కూర్చుంది. నేను సిలిండర్ దించడం మర్చిపోయి భుజాన పెట్టుకునే నిలబడ్డాను. దాని బరువు మామూలు మనిషి మొయ్యలేడు. ఆ రోజు నాకు బరువు తెలియలేదు.

గేటు దాకా వస్తూ నేనే కదిలించాను. "సిస్టరమ్మా, ఇండ్ల సోంచాయించేది ఏముంది? ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది. కుదరదనుండ్రి, ఖతం."

"నాకూ అదే కావాలి మధూ," అంది ఆమె. "అందుకే భయంగా ఉంది. ఆ పిల్ల కోసం అంటున్నానో, నా కోసం అంటున్నానో నాకే తెలియడం లేదు."

ఆమె మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ సగమే అర్థమైంది. కావలసింది ఎదురుగా వచ్చి చేతిలో పడితే పుచ్చుకోవడానికి భయపడేవాళ్ళు ఉంటారని మా బోయిగూడలో ఎవరూ నేర్పలేదు.

మర్నాడు డాక్టర్ ఆర్థర్ గదిలో అందరూ కూర్చున్నారు. నన్నెవరూ పిలవలేదు. కాని ఆ గదిలో ఫ్యాను ఆ రోజే ఎందుకో చెడిపోయింది, నేను నిచ్చెన వేసుకుని పైన ఉన్నాను. కింద కాంతమణిగారు, రిచర్డ్, పక్కన తల వంచుకుని సలోమి. డాక్టర్ ఆర్థర్ మెత్తగానే అన్నాడు. సలోమి వెళ్తే వార్డు సంగతి ఏమవుతుందో అందరికీ తెలుసునని, సిస్టర్ ఎలా అంటే అలాగేనని.

సిస్టర్ సలోమి వైపు చూసింది. ఒక్క మాట అంటుందేమోనని చూసింది. సలోమి తలెత్తలేదు.

రిచర్డ్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, చనువున్న నవ్వే. "పిన్నీ, కట్టేసిన నర్సు ఎవరి ప్రాణమూ నిలబెట్టదని ఊరందరికీ చెప్పింది నువ్వే. సొంతింటి పిల్ల దగ్గరకొచ్చేసరికి తాడు వెతుకుతావా?"

పై నుంచి నాకు సిస్టర్ తల మీది టోపీ మాత్రమే కనిపిస్తోంది. అది కదల్లేదు.

"వెళ్ళనివ్వండి డాక్టరుగారూ," అంది డోరా సిస్టర్.

కాంతమణిగారు చెల్లెలి చెయ్యి పట్టుకుని దేవుడు నిన్ను దీవిస్తాడే అంది. సలోమి అప్పుడు తలెత్తింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి, డ్యూటీ ఉందని వార్డుకు వెళ్ళిపోయింది.

బేగంపేట విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. ఆటో మాట్లాడతానని రిచర్డ్ అన్నాడు గాని, ఆస్పత్రి పిల్ల ఆస్పత్రి బండిలోనే వెళ్ళాలని ఎల్లమ్మ పట్టుబట్టింది. రిచర్డ్ ముందు నా పక్కన కూర్చున్నాడు. వెనక సలోమి, సిస్టర్, పాప. బోయిగూడ నుంచి బేగంపేట దాకా సలోమి పిల్లకు పాలిస్తూనే ఉంది. పిల్ల కడుపు నిండి నిద్రపోయింది, అయినా విడిపించలేదు. వేగంలో నా అంతవాడు లేడని మొదట్లో చెప్పాను కదా. ఆ రోజు నన్ను సైకిళ్ళు దాటిపోయాయి, తోపుడుబండి మీద పచ్చిబఠాణీలు అమ్మేవాడు దాటిపోయాడు. విమానం తప్పిపోతే బాగుండునని ప్రతి చౌరస్తాలో ఆగాను. ఆ దిక్కుమాలిన విమానం నాకోసమే ఆలస్యంగా బయల్దేరినట్టు అక్కడే నిలబడి ఉంది.

దిగేటప్పుడు సలోమి జాకెట్టు ముందంతా తడిసిపోయింది. సిస్టర్ తన చీర పైన కప్పుకునే శాలువా తీసి ఆమెకు చుట్టి, పిన్ను పెట్టింది. పాపను అందుకుంది. సలోమి సిస్టర్ చేతిని పాప వీపు మీదున్న తన చేతి మీద పెట్టుకుంది, కొత్తపిల్లలకు నేర్పినట్టే. ఎంత గట్టిగా పట్టుకోవాలో చూపించింది. తర్వాత తన చెయ్యి తీసేసుకుంది.

ఇక చెప్పేదేముంది. స్కూలువాళ్ళు వచ్చి చూశారు. నేర్పేవాళ్ళు ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరూ రిటైర్మెంటు దగ్గర్లో ఉన్నారు. వాళ్ళదీ తప్పు లేదు. తర్వాతి బ్యాచి రాలేదు. ఉన్న పిల్లలు పాసై వెళ్ళిపోయారు. ఒకరోజు పిల్లల వార్డులో కొత్త పేషెంట్లను తీసుకోవద్దన్నారు. మిగిలిన పిల్లల్ని నేనే ఒక్కొక్కరిగా పెద్ద ఆస్పత్రికి చేర్చాను. ఆఖరి పిల్లవాణ్ణి ఎక్కించేటప్పుడు సిస్టర్ వాడి చొక్కా గుండీలు పెట్టి, సెలైన్ సీసా పట్టుకుని బండి దాకా నడిచి వచ్చింది. వాళ్ళమ్మ ఆమెకు దణ్ణం పెట్టింది. ఆ వార్డులో తర్వాత ఎక్స్‌రే మిషను పెట్టారు.

సిస్టర్‌ను ఆడవాళ్ళ వార్డులో వేశారు. పని చేసింది. సంబంధాలు చూడటం మానేసింది. ఆదివారం ఆరాధన కాగానే ఎవరితోనూ మాట్లాడకుండా గేటు దాటేది. కాంతమణిగారికి మోకాళ్ళ నొప్పులు, రిచర్డ్ ఇల్లు కట్టించే హడావిడిలో ఉన్నాడు. కెజియా బోయిగూడలోనే, సిస్టర్ దగ్గరే ఉంది. పగలు ఎల్లమ్మ, సాయంత్రం సిస్టర్. ఎల్లమ్మ ఒకనాడు నాతో చెప్పింది: "పోరి సిస్టరమ్మ పైట పట్టుకొని పాలకు ఏడుస్తది. ఆయమ్మ గోడ దిక్కు తిరిగి గూసుంటది. జూడనీకి నాతోని కాదయ్యా."

నెలలు గడిచాయి. మా గల్లీ చివర ఎస్టీడీ బూతులో ఆదివారం మధ్యాహ్నం సలోమి ఫోను వచ్చేది. నేను సిస్టర్‌ను, పాపను వెంటబెట్టుకెళ్ళేవాణ్ణి. ఆ బూతు అగ్గిపెట్టంత. ముగ్గురం ఇరుక్కుంటే గొంతులు కూడా ఇరుక్కునేవి. అందుకే అవతలి మాటలు నాకూ వినపడేవి.

మొదట్లో జ్వరాలూ దగ్గులూ మాట్లాడుకునేవారు. ఒక ఆదివారం సలోమి తనను పిల్లల వార్డులో వేశారని చెప్పింది. పెద్ద వార్డు, చల్లటి వార్డు, రకరకాల దేశాల పిల్లలు. కొత్తగా చేరే నర్సులకు పని నేర్పేది తానే అట. చెయ్యి మీద చెయ్యి పెట్టి నేర్పుతుంటే వాళ్ళు నవ్వారట, ఇప్పుడు వాళ్ళూ అలాగే చేస్తున్నారట. సిస్టర్ మంచిదమ్మా, మంచిదమ్మా అంటూ వింది. ఆ రోజే ఆమె మొహంలో కొంచెం వెలుగు చూశాను.

ఇక పెట్టేస్తుందనుకున్నాం.

"అత్తయ్యా," అంది సలోమి. "ఆ రోజు మీరు కుదరదని ఒక్క మాట అనుంటే ఏమయ్యేది?"

డోరా సిస్టర్ రిసీవరు రెండు చేతులా పట్టుకుంది. పాప ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని, బూతు అద్దానికి ఆనుకుని, కాళ్ళ మీద నిలబడుతోంది. మొదటిసారి. సిస్టర్ కిందికి చూసింది.

"కెజియా నిలబడుతోందమ్మా," అంది. "ఇప్పుడే. నా కళ్ళ ముందే."

అవతల సలోమి ఏడుపు గల్లీలోకి కూడా వినపడింది. సిస్టర్ ఫోను పెట్టెయ్యలేదు. కువైట్‌లో మీటరు తిరుగుతూనే ఉంది, బూతు అబ్బాయి అద్దం మీద తడుతూనే ఉన్నాడు.